మూడో జత ఏమైంది?

"ఆ వీడియో తీసేస్తుందా, నన్ను కుర్చీలోంచి లేపేస్తుందా? రెండిట్లో ఏదో ఒకటి తేల్చమను."

పాక్ వగియో ఈ మాటలన్నది పొయ్యి మీద ఉడుకుతున్న సోయా గింజలతో. కూతురు వెనింగ్ ఆయన చేతికందే దూరంలోనే కూర్చుని ఆ గింజల్ని పులియబెట్టి చేసే టెంపె పొట్లాలకి అరటాకులు తుడుస్తోంది. అలిగిన దగ్గర్నుంచీ ఆయన ఇంట్లో సామాన్లతోనే మాట్లాడుతున్నాడు. నిన్న జల్లెడతో, ఇవాళ డేగిసాతో.

"తియ్యనని చెప్పు అన్నా," అంది వెనింగ్, గుమ్మంలో మోటారుసైకిల్ తుడుచుకుంటున్న పంగిహ్‌తో. "ఓటు ఎలా వెయ్యాలో చెప్పడం ప్రచారం ఎలా అవుతుంది? ఎవరికి వెయ్యాలో నేనెక్కడైనా చెప్పానా?"

"నన్ను మధ్యలోకి లాగకండి," అన్నాడు పంగిహ్. "నేను అసలు ఓటే వెయ్యని వాణ్ణి. మీ ఇద్దరికీ నేను పనికిరాను."

"ఇదొకడు," అన్నాడు తండ్రి డేగిసాతో. "ఒకతి లోకానికంతా ఓటు నేర్పుతుంది. ఒకడు గడప దాటి వెయ్యడు. ఈ ఇంటి పెద్ద పోలింగ్ కేంద్రానికి ఛైర్మన్."

డేగిసా బుసబుసమని పొంగింది. ఆయన మూత తీసి పక్కన పెట్టాడు.

మర్నాడే బుపతి ఎన్నిక. జిల్లాని ఏలే బుపతి, పక్కన ఆయన ఉప బుపతి. అందుకే అభ్యర్థులు జతలుగా నిలబడతారు. ఈసారి మూడు జతలు. నచ్చిన జత బొమ్మ మీద మేకుతో ఒక్క కన్నం పెడితే అదే ఓటు. ప్రచారం ఆపెయ్యాల్సిన మౌన దినాలు మొదలై వీధుల్లో జెండాలు పీకేశారు, మైకులు కట్టేశారు. సుంబర్‌రాండు ఊళ్లో నోరు తెరిస్తే తప్పు పట్టేవాళ్లే అందరూ. పొద్దున్నే రెండో జత ఏజెంటు పాక్ కార్యాది వచ్చి, ఇచ్చిన టీ కూడా తాగకుండా, "మీ అమ్మాయి వీడియో మౌన దినాల్లో కూడా మోగుతోంది పాక్ వగియో. జనం ఏమంటారో చూసుకోండి," అని వెళ్లాడు. టీ తాగకుండా వెళ్లాడన్నదే పాక్ వగియోకి ఎక్కువ గుచ్చుకుంది.

ఇంటి ఇల్లాలు బు లస్మి ఉంటే రభస ఇంతదాకా వచ్చేది కాదు. ఆమె తన అక్కగారి ఊరు వెళ్లింది. బావగారు పోయి వెయ్యి రోజులైన ప్రార్థన భోజనాలు, ఆడవాళ్ల చేతులు చాలవు. ఓటు వేళకి వచ్చేస్తానని చెప్పి వెళ్లింది.

ఇంతకీ ఆ వీడియోని ఈయన చూడలేదు. "ఈ ఇంట్లో అది మోగకూడదు" అని మొదటి రోజే అనేశాడు. అన్నాక మరి ఎలా చూస్తాడు?

చూసినవాళ్లు మాత్రం లక్షకి పైనే. అర నిమిషం వీడియో. ఇంట్లో గీసిన నమూనా బ్యాలెట్ మీద అభ్యర్థుల బదులు తిండి బొమ్మలు: మొదటి జత టెంపె, తాహు, రెండో జత పనసకాయ గుడెగ్, క్రెచెక్, మూడో జత సోతో చారు, పుల్లలకి గుచ్చిన సాతే. వెనింగ్ బ్యాలెట్ విప్పి, మధ్యలో ఉన్న గుడెగ్ మీద మేకు గుచ్చి, మడిచి, వేలు సిరాలో ముంచి చూపిస్తుంది. "విప్పు, గుచ్చు, మడువు, ముంచు!" ఆ నాలుగు మాటల దరువు జిల్లాలో ప్రతి హైస్కూల్ గేటు దగ్గరా వినబడుతోంది. పద్దెనిమిది నిండీ నిండని పిల్లలు, "మా ఒక్క ఓటుతో ఏమొస్తుందక్కా" అన్నవాళ్లు, ఇప్పుడు వేలికి సిరా పెట్టుకుని ఫొటో పెట్టడానికి తహతహలాడుతున్నారు. వాళ్లని ఒక్కొక్కర్నీ బతిమాలి, నవ్వించి, వెంటపడి ఓటు దాకా తెచ్చింది వెనింగ్. అందుకే తియ్యనంటోంది.

ఆకులు తుడవడం అయ్యాక ఫోన్ తీసింది. కామెంట్లు చదవడం ఆమెకి వ్యసనం. మెచ్చుకోళ్లు గబగబా దాటేసి ప్రశ్నల దగ్గర ఆగుతుంది. వాటిలో ఒకటి నిన్నట్నుంచీ ఆమె బుర్ర తొలిచేస్తోంది.

"మూడో జత ఏమైంది?"

అంతే. కింద కుర్రాళ్లు ఒకటే కొంటె జవాబులు. కూర అయిపోయిందని ఒకడు, కొట్టు కట్టేశారని ఇంకొకడు, ఓడిపోయి ఇంటికెళ్లిందని మరొకడు. వెనింగ్ అది మూడో జత అభిమాని ఎవరో దెప్పిపొడవడం అనుకుంది. కానీ దెప్పేవాళ్లు ఒక్కసారి అని ఊరుకోరు కదా.

"అన్నా, ఇటు చూడు. ఈ మనిషి ఎవరై ఉంటారు?"

పంగిహ్ గుడ్డ భుజాన వేసుకుని వచ్చి ఫోన్‌లోకి తొంగి చూశాడు. పేరు ఉండాల్సిన చోట నాలుగు అంకెలు. ముఖం ఉండాల్సిన చోట పచ్చటి మచ్చ, మధ్యలో అడ్డంగా ఒక గీత.

"వరి పొలం," అన్నాడు. "మధ్యలో గట్టు."

"ఫుట్‌బాల్ మైదానంలా లేదూ?"

"ఫుట్‌బాల్ మైదానానికి ఓటు హక్కెందుకు? ఎవడో పనీపాటా లేనివాడు. ఊరుకో."

వెనింగ్ ఊరుకోలేదు. ఏదన్నా తెలియకపోతే ఆమెకి అన్నం సయించదు, చిన్నప్పట్నుంచీ అంతే. ఆ మనిషి ఇంకేం రాశాడా అని వెతికింది. ఇంకేమీ లేదు. ఈ లోకంలో ఆ ఖాతాకి ఉన్నది ఒక్క ప్రశ్నే.

తన వీడియో తనే మళ్లీ పెట్టుకుంది, శబ్దం తీసేసి. విప్పు. టెంపె, తాహు కనిపించాయి. గుడెగ్, క్రెచెక్ కనిపించాయి. ఆ పక్కన ఆమె బొటనవేలు, దాని పక్కన గోడ.

మూడో జత ఏది?

గుర్తొచ్చింది. ఫోన్ నిలువుగా పెట్టి తీసింది. బ్యాలెట్ వెడల్పు, తెర ఇరుకు. మూడో మడత విప్పితే తన ముఖం పట్టడం లేదని ఆ భాగాన్ని వెనక్కి మడిచి పట్టుకుంది.

అలమర మీదున్న నమూనా కాగితం దించి మూడు భాగాలూ విప్పింది. గుడెగ్ గిన్నె మధ్యలో మేకు చేసిన కన్నం. దానికి సరిగ్గా సమంగా, మూడో జతలోని సాతే పుల్లల మీద ఇంకో కన్నం.

"అన్నా." కాగితం అతని ముందుకి చాపింది. "నేను లక్షమందికి ఓటు ఎలా పాడుచేసుకోవాలో నేర్పాను."

పంగిహ్ కాగితం అందుకుని వెలుతురుకి పట్టి చూశాడు. ముందు నవ్వాడు. చెల్లెలి ముఖం చూశాక నవ్వు ఆపేశాడు.

"అయితే నీ పాఠం విని రెండో జతకి గుచ్చినవాళ్ల ఓటు..."

"రెండు కన్నాలు. చెల్లదు."

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది. పాక్ వగియో ఎప్పుడు లేచి వచ్చాడో తెలియదు. కొడుకు చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. చాలాసేపు ఆ రెండు కన్నాల్లోంచి కిటికీ వైపు చూశాడు.

"తీసెయ్," అన్నాడు. ఈసారి డేగిసాతో కాదు. కూతురితోనే.

"తీసేస్తే చూసినవాళ్లు మర్చిపోతారా నాన్నా? పొద్దున్నే ఆ నాలుగు మాటలూ పాడుకుంటూ వెళ్లి మేకు పట్టుకుంటారు."

"మరేం చేస్తావు?"

"తప్పు చూపించానని ఇంకో వీడియో పెడతాను."

"పెట్టు. ఛైర్మన్ కూతురు రెండో జత ఓట్లు చెడగొట్టడానికి ఇంత పథకం వేసిందంటారు. నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావంటారు. కార్యాది పొద్దున్న టీ ముట్టుకోలేదు. రేపు నా ఇంటి నీళ్లు ముట్టడు."

"పిల్లలది మొదటి ఓటు నాన్నా. ఏమీ రాదన్నవాళ్లని నేనే నమ్మించాను. ఇప్పుడు వాళ్ల ఓటు చెల్లకపోతే ఇంకెప్పుడైనా గడప దాటుతారా?"

పాక్ వగియో చేతిలో కాగితం మడతల మీద మళ్లీ మడిచి బల్ల మీద పెట్టాడు. పెరట్లోకి వెళ్లి, నానబెట్టిన గింజల తొట్టె దగ్గర ఊరికే నిలబడ్డాడు.

పంగిహ్ భుజం మీది గుడ్డ తీసి పక్కన పెట్టాడు.

"ఫోన్ ఇలా ఇవ్వు. అడ్డంగా పట్టుకుంటాను. నీ ముఖం సగమే పడుతుంది, ఫర్వాలేదా?"

"అసలు పడకపోయినా ఫర్వాలేదు."

"ఇప్పటికి దారిలోకొచ్చావు," అన్నాడు.

రెండో వీడియోలో పాటా లేదు, దరువూ లేదు. ఒక కాగితం, మూడు మడతలు, రెండు చేతులు. "నేను తప్పు చూపించాను. మూడూ విప్పాలి. పూర్తిగా విప్పకుండా మేకు ముట్టుకోకండి," అని చెప్పింది. మొదటిదాన్ని తీసేసి దీన్ని పెట్టింది.

పెట్టాక తెలిసింది ఇంటర్నెట్ సంగతి. నవ్వించినదాన్ని జనం భుజాన వేసుకుని ఊరూరా తిప్పారు. తప్పు ఒప్పుకున్నదాన్ని చూసి పక్కకి జరిపేశారు. సాయంత్రానికి వందల్లో కూడా చూడలేదు. వెనింగ్ సిగ్గు చంపుకుని తెలిసిన ప్రతి స్కూల్ గ్రూపుకీ పంపింది, ఒక్కొక్కరి పేరూ పెట్టి అడిగింది. కొందరు సరేనని బొటనవేలు బొమ్మ పెట్టారు. కొందరు, "అక్కా, ఆ పాత పాటే బాగుంది, మళ్లీ పెట్టు," అన్నారు. తల బాదుకోవాలనిపించింది.

అమ్మకి ఫోన్ చేస్తే అందలేదు.

* * *

తెల్లారి పోలింగ్ కేంద్రం తెరిచేసరికి షామియానా కింద కుర్చీలన్నీ నిండాయి. ఎన్నడూ లేనిది, సగం మంది కుర్రకారు. పాక్ వగియో ఛైర్మన్ చొక్కా వేసుకుని లేచాడు. కేంద్రం సిబ్బంది ప్రమాణం అయ్యాక ఓటు వేసే పద్ధతి చెప్పడం ఏ ఛైర్మన్‌కైనా మామూలే. కానీ ఆయన జేబులోంచి తీసిన నమూనా కాగితం మామూలుది కాదు. దాని మీద టెంపె ఉంది, గుడెగ్ ఉంది, సాతే ఉంది. రెండు కన్నాలున్నాయి.

పక్కన ఏజెంట్ల కుర్చీల్లో పాక్ కార్యాది నిటారుగా కూర్చున్నాడు.

"ఒకటి," అని ఒక మడత విప్పాడు పాక్ వగియో. "రెండు." ఇంకో మడత. "మూడోది విప్పకపోతే ఇదీ జరిగేది." కాగితాన్ని ఎండకి ఎత్తి పట్టాడు. రెండు కన్నాల్లోంచీ వెలుతురు పడింది.

వెనక వరసలో ఎవరో పిల్ల దరువు మొదలెట్టింది. "విప్పు, విప్పు, విప్పు, గుచ్చు!" మిగతావాళ్లు అందుకున్నారు. షామియానా అంతా ఘొల్లుమంది. అమ్మయ్య, కొందరికైనా ఎక్కిందన్నమాట. వెనింగ్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. తండ్రి ఆమె వైపు చూడలేదు. కాగితం జాగ్రత్తగా జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇంకో వింత. పంగిహ్ వచ్చి వరసలో నిలబడ్డాడు.

"నువ్వా?" అంది వెనింగ్.

"ఆ కాగితం నిజంగా అంత వెడల్పుంటుందా అని చూడ్డానికొచ్చా. ఎక్కువ ఊహించుకోకు." బయటికొచ్చేటప్పుడు ఊదారంగు వేలు జేబులో దాచుకున్నాడు.

మూసే వేళ ముంచుకొస్తుండగా బు లస్మి పరుగు పరుగున వచ్చింది. నడుముకి చుట్టుకున్న పాత బాతిక్ బట్ట నలిగిపోయింది, చేతిలో ప్రార్థన భోజనాల పెట్టె. బస్సు ఆలస్యమైందట. పెట్టె కూతురి చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. అట్టే సేపు పట్టలేదు. బయటికొచ్చి సిరా వేలు వెనింగ్ ముఖం ముందు ఆడించింది.

"నువ్వు చెప్పినట్టే చేశానమ్మా. అక్షరం పొల్లు పోకుండా."

"చూశావా అమ్మా వీడియో?" వెనింగ్ మురిసిపోయింది.

"చూడకపోవడమేం, నోటికి వచ్చేసింది," అని అన్నం పెట్టె తీసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

లెక్కింపు మొదలైంది. పాక్ వగియో ఒక్కొక్క బ్యాలెట్టే పెట్టెలోంచి తీసి, మూడు భాగాలూ విప్పి, వెలుతురుకి ఎత్తి చూపించాలి. కన్నం సరిగ్గా ఉంటే "సా!" అంటాడు, చెల్లిందని. జనం కూడా "సా!" అంటారు. ఆ సా, సాల మధ్య వెనింగ్ జనానికి అడ్డం కట్టిన తాడుకి ఇవతల నిలబడి కన్నాలే చూస్తోంది. ఒక్క కన్నం. ఒక్క కన్నం. మళ్లీ ఒక్క కన్నం. ఎవరికి పడుతున్నాయో ఆమెకి పట్టలేదు. పిల్లలందరూ ఒక్క కన్నంతో గట్టెక్కితే చాలు.

పెట్టె అడుగుకి వచ్చేసరికి ఆమె ఊపిరి కుదుటపడింది. అప్పుడే తండ్రి చెయ్యి గాల్లో ఆగింది.

రెండో జత మీద ఒక కన్నం. సరిగ్గా సమంగా, మూడో జత మీద ఇంకొకటి.

పాక్ కార్యాది లేచి ముందుకొచ్చాడు. మూడో జత ఏజెంటు కూడా లేచాడు. పాక్ వగియో కాగితాన్ని అలాగే ఎత్తి పట్టుకుని, అందరికీ కనిపించేలా అటూ ఇటూ తిప్పాడు.

"చెల్లదు," అన్నాడు.

కార్యాది ఫోన్ తీసి ఫొటో తీసుకున్నాడు. తరవాత తాడు ఇవతల వెనింగ్ వైపు చూశాడు. ఆ చూపుతో పాటు అక్కడున్న తలలన్నీ తిరిగాయి. భూమి చీలితే బాగుండుననిపించింది ఆమెకి.

* * *

ఇంటికొచ్చేసరికి ఆ ఫొటో ఆమె కంటే ముందే వచ్చి ఫోన్‌లో కూర్చుంది. "ఛైర్మన్ కూతురి పాఠం. మా ఓటు ఇలా పోయింది. ఇంకెన్ని కేంద్రాల్లో ఇలా పోయాయో? రేపు ఫిర్యాదు చేస్తున్నాం." కింద జనం మూగారు. ఈసారి నవ్వు లేదు.

వంటింట్లో బు లస్మి మర్నాటి టెంపెకి గింజలు ఆకుల్లో పొట్లాలు కడుతోంది. ఏం జరిగినా టెంపె ఆగదు. వెనింగ్ ఎదురుగా పీట మీద కూలబడింది.

"మన వీధిలోనే ఎవరి ఓటుకో రెండు కన్నాలు పడ్డాయమ్మా, చెల్లలేదు. ఆ ఒక్కరూ ఎవరో తెలిస్తే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. పాత వీడియో చూసి కొత్తది చూడని పిల్ల ఎవరై ఉంటుంది? ఆ చివరింటి అమ్మాయేమో."

"పిల్లేమిటి?" అంది తల్లి. "రెండు కన్నాలు పడ్డాయన్నావు కదా. కొత్త వీడియో ఏమిటి?"

వెనింగ్ చెప్పింది. మడత సంగతి, తప్పు సంగతి, రెండో వీడియో, షామియానాలో నాన్న చూపించిన కాగితం, కార్యాది తీసిన ఫొటో. చెబుతుండగా తల్లి చేతుల్లో ఆకు నెమ్మదించింది. తరవాత ఆగిపోయింది.

"మా అక్కావాళ్ల ఊళ్లో నా ఫోన్‌లో డేటా అయిపోయిందమ్మా," అంది. "ఛార్జింగూ లేదు. నేను చూసింది మొదటిదే. రోజుకి ఎన్నిసార్లు చూశానో. మీ నాన్న వినకుండా, శబ్దం తగ్గించుకుని, ఈ గింజల తొట్టె వెనక కూర్చుని."

వెనింగ్ పీట ముందుకి జరుపుకుంది.

"రెండే బొమ్మలు కనిపించేలా పట్టుకోవాలేమో, అదే పద్ధతేమో అనుకున్నాను. మూడోదాన్ని వెనక్కి మడిచాను. నువ్వు మడిచావు కదా." తల్లి సిరా అంటిన వేలు బాతిక్ అంచుకి తుడుచుకుంది. అది పోయేది కాదు. "నాకు అనుమానం వచ్చింది, రాలేదనను. అందుకే అడిగాను కూడా."

"ఎవర్ని?"

"నిన్నే. అందులోనే రాశాను. మూడో జత ఏమైందీ అని. నువ్వు జవాబివ్వలేదు. ఎవరో కూర అయిపోయిందని రాశారు. నాకేం అర్థమవుతుంది?"

వెనింగ్ ఫోన్ తెరిచింది. పచ్చటి మచ్చ, మధ్యలో అడ్డంగా గీత. పొలం కాదు, మైదానం కాదు. పొరపాటున నొక్కిన ఫొటోలో అరటాకు, దాని మధ్య ఈనె. ఆ ఒక్క ప్రశ్న వల్లే కదా తన తప్పు తనకి తెలిసింది. అందరినీ కాపాడిన ప్రశ్న. దాని జవాబు అడిగిన మనిషికి తప్ప అందరికీ చేరింది.

"ఇంట్లోనే ఉన్నాను కదమ్మా, నన్నే అడగొచ్చు కదా," అని ఏడ్చేసింది.

"అడిగితే మీ నాన్న వింటారని. ఈ ఇంట్లో అది మోగకూడదన్నారుగా." తల్లి ఆకు పక్కన పెట్టి ఆమె తల నిమిరింది. "పోనీలే. ఒక ఓటే కదా పోయింది. ఇంతకీ ఆ కార్యాది నువ్వు కావాలని చేశావంటున్నాడా?"

"అంటున్నాడు. రెండో జత ఓట్లు పోగొట్టడానికని."

"బాగానే ఉంది. నేను గుచ్చింది వాళ్లకే." బు లస్మి లేచింది. బల్ల మీద ఆ నమూనా కాగితం ఉంది, మధ్యాహ్నం అన్నానికొచ్చినప్పుడు పాక్ వగియో జేబులోంచి తీసి పెట్టినది. దాన్ని మూడు భాగాలూ విప్పి గుండెల మీద పట్టుకుంది. కూతురి ఫోన్ తీసుకుని గింజల డేగిసాకి ఆనించింది. "ఆ ఓటు నాదని నేనే చెబుతాను. నా కూతురు కావాలని చేస్తే కన్నతల్లి ఓటే పోగొట్టుకుంటుందా అని అడుగుతాను. ఇలా అడ్డంగానేనా పెట్టాలి?"

"వెనింగ్."

గుమ్మంలో పాక్ వగియో. ఛైర్మన్ చొక్కా ఇంకా విప్పలేదు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో, ఎంత విన్నాడో. ఆయన ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది. చెల్లదని అందరి ముందూ తను ఎత్తి చూపించింది ఎవరి ఓటో ఆయనకి తెలిసిపోయింది.

"నొక్కకు," అన్నాడు. గొంతులో కోపం లేదు. "అది రహస్యం. ఎవరికి వేసిందో జిల్లా అంతా తెలిసిపోతుంది. రేపు మూడో జత గెలిస్తే ఈ వీధిలో దీన్ని ఏమంటారో నీకు తెలియదు. నా పేరు పోతే పోనీ. మీ అమ్మని అందులో పెట్టకు."

బు లస్మి కాగితం దించలేదు.

"నా ఓటు పోయింది. నా మాట కూడా పోవాలా?" అంది భర్తతో. తరవాత కూతురి వైపు తిరిగింది. "నొక్కమ్మా. ఈసారైనా నేనడిగినదానికి జవాబు రానీ."

వెనింగ్ ఊదారంగు వేలు తెర మీది ఎర్ర చుక్క దాకా వెళ్లి ఆగింది. తల్లి చూస్తోంది. తండ్రి చూస్తున్నాడు.